ఎల్లవ్వ బొబ్బర్ల డబ్బా

1వ రోజు

అనసూర్య పొద్దున్నే కాలువ పనికి వెళ్ళిపోయింది. మా ఆరో వరుసలో ఇంటికొక మనిషి నూట అరవై రోజులు పూడిక తీయాలి. ఈసారి వంతు నాది. నా మోకాలు చూసి, నా బదులు తన పేరు రాయించుకుంది. ఈ సంగతి ముందే రాసి పెడుతున్నాను, రేపు ఇంకొకరు గుర్తు చేయక్కర్లేకుండా.

వెళ్ళేముందు ఈ పుస్తకం నా చేతిలో పెట్టింది. ఇల్లు ఎలా నడిచిందో ప్రతి ఇంట్లోనూ రాయాలి. మా ఇంటిది ఇరవై రెండేళ్ళుగా తనే రాస్తోంది.

“అన్ని దీంట్లనే రాసిన. చూస్కో,” అంది.

“పుస్తకంల చూసేదేమున్నది? రాస్త తియ్యి.”

“ఒక్క వస్తువు సుత ఎర్రవడొద్దు. నేనొచ్చేసరికి ఇల్లు ఇట్లనే ఉండాలె.”

“ఉంటది,” అన్నాను.

బండి కదిలాక కూడా తను ఏదో చెబుతూనే ఉంది. నేను చెయ్యి ఊపాను. నా రాత నాదిగా ఉండాలని రెండు కాగితాలు వదిలేసి ఇక్కణ్ణుంచి మొదలుపెడుతున్నాను. తను ఉంటే కాగితం వృథా చేశావని అరిచేది.

3వ రోజు

మా ఇంట్లో వస్తువులు అరవై మూడు. ప్రతిదానికీ గోరంత చుక్క అతికించి ఉంటుంది. వాడితే ఆకుపచ్చ. డెబ్బై అయిదు రోజులు ఎవరూ వాడకపోతే పసుపు. తొంభై అయితే ఎరుపు. ఎర్రబడిన వస్తువును సోమవారం బండివాడు నాంపెల్లి వచ్చి కింద ఉమ్మడి కొట్టుకు పట్టుకుపోతాడు. అక్కడ ఎవరికి అవసరమైతే వాళ్ళు తీసుకుంటారు. దానికి నేనూ చేయెత్తి ఒప్పుకున్నవాణ్ణే. మా నాన్న అటక మీద పాడైన ఫ్యాన్లు నాలుగు, మూతల్లేని కుక్కర్లు రెండు, ఎవరూ పడుకోని పరుపులు ఉండేవి. ఎవరూ వాడరు, ఎవరికీ ఇవ్వరు. ఆ రోజులు నాకు అక్కర్లేదు.

కానీ ఇద్దరి వస్తువులకు ఇప్పుడు నేనొక్కణ్ణే. తన చెప్పులు, తన దువ్వెన, తన కత్తిపీట, మూడు చీరలు, చేతి అద్దం, ఊలు సూదులు. ఇవన్నీ ఎవరు వాడాలి? డెబ్బై అయిదో రోజు దాకా కూర్చునే ఓపిక నాకు లేదు. ఇవాళే మొదలుపెట్టాను.

12వ రోజు

పొద్దున లేస్తే ఒక్కచోట కాలు నిలవడం లేదు. ముందు నా దువ్వెనతో దువ్వుకుంటాను, తర్వాత తన దువ్వెనతో. ఉన్న జుట్టే నాలుగు వెంట్రుకలు, దానికి రెండు దువ్వెనలు. తన చెప్పులు వేసుకుని వరండా ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తాను. నా మడమ సగం బయటే ఉంటుంది. వరుసలోని పిల్లలు చూసి నవ్వారు. నవ్వనీ.

మా గిన్నెలు బూడిదతో తోమి, ఆఖరి నీళ్ళు మిద్దె మీద కుండీలకు పోస్తాను. రోజుకు తలకు రెండు బిందెల నీళ్ళే కాబట్టి ఏ నీటి బొట్టునూ ఒక్కసారితో వదలం. ఈ పని తను ఎలా చేసేదో నాకు తెలియదు. గిన్నెలు తోమడం అయ్యేసరికి నేనే సగం తడిసిపోతున్నాను.

40వ రోజు

ఇరవై రోజులకొకసారి కింద ఉమ్మడి ఫోనులో పది నిమిషాలు మాట్లాడనిస్తారు. ఇది రెండోసారి.

“తింటున్నవా?” అంది.

“తింటున్న. నీ కత్తిపీటతోనే వంకాయ కోసిన. రెండు వేళ్ళు సుత కోసిన.”

నవ్వింది. చేతులు బొబ్బలెక్కాయట, అక్కడ అన్నంలోకి రోజూ అదే పచ్చిపులుసు అట. ఆ బొబ్బలు నా చేతులకు రావాల్సినవి.

61వ రోజు

ఇంట్లో ఒక్కచోట కూర్చోలేకపోతున్నాను. కూర్చోగానే ఏదో ఒకటి వాడలేదని గుర్తొస్తుంది. లేచి చూస్తే దాని చుక్క ఆకుపచ్చగానే ఉంటుంది. అయినా వాడతాను. అనసూర్య దువ్వెనకు మూడు పళ్ళు ఊడాయి. చెప్పుల పట్టీ సాగింది. తక్కువ వస్తువులతో బతకడం అంటే తీరిక దొరుకుతుందని మా చిన్నప్పుడు చెప్పేవాళ్ళు. అలా చెప్పినవాళ్ళ ఇంట్లో అన్నీ చూసుకునే మనిషి ఇంకొకరు ఉండి ఉంటారు.

పక్కింటి గంగమణి కూతురి కానుపుకని వెళ్ళింది. మాట్లాడే మనిషి కూడా లేదు.

76వ రోజు

వంటింటి గూట్లో చిన్న రేకు డబ్బా ఉంది. దాన్ని మరిచేపోయాను. చుక్క పసుపైంది.

అందులో బూడిద కలిపిన బొబ్బర్లు ఉన్నాయి. గుప్పెడు మీద కొంచెం. ఎర్రటి గింజకు నల్లటి కన్ను. ఎల్లవ్వ బొబ్బర్లు అంటుంది అనసూర్య. ఎల్లవ్వ మా అత్తగారు, అనసూర్య అవ్వ అని పిలిచే కన్నతల్లి. వాళ్ళ ఊరు నీళ్ళలో మునిగిన ఏడు ఆవిడ కొంగున కట్టుకుని తెచ్చిన గింజలివి. నాలుగు పుల్లల మంట మీద ఉడికిపోతాయి, కొట్టులో ఇచ్చే బొబ్బర్లకు అందులో సగం రుచి ఉండదు. అనసూర్య వరుసలో అందరికీ పంచింది కానీ, రెండేళ్ళ కింద నీళ్ళు రాని వేసవిలో అందరివీ పోయాయి. ఇప్పుడు ఈ భూమ్మీద ఎల్లవ్వ బొబ్బర్లు అంటే ఈ డబ్బాలో ఉన్నవే.

డబ్బా ఊపాను. చుక్క పసుపే. మూత తీసి పెట్టాను. పసుపే.

80వ రోజు

ఫోను రోజు. మోకాలు సంగతి ఒక్కటి తప్ప, చెప్పుల పట్టీ సంగతి, దువ్వెన సంగతి, పిల్లలు నవ్విన సంగతి అన్నీ చెప్పుకొచ్చాను. తను పడీపడీ నవ్వింది. తను నవ్వుతుంటే ఇంకా చెప్పాలనిపించింది. డబ్బా సంగతి అడుగుదామనుకునేసరికి పది నిమిషాలు అయిపోయాయి.

84వ రోజు

నాంపెల్లి వచ్చి గూళ్ళన్నీ చూశాడు. ఎర్రబడేవి ఏమైనా ఉంటే ముందే చెప్పిపోతాడు, మంచివాడే.

“కాకా, ఈ డబ్బా పసుపువడ్డది. సోమవారానికి ఎర్రగైతే పట్టుకపోత.”

“దాంట్ల విత్తనాలున్నయ్ రా.”

“ఏమున్నా చుక్క చుక్కే గద.”

“ఊపిన, మూత తీసిన. మారుతలేదు. దీన్ని ఎట్ల వాడాలె?”

వాడు డబ్బా చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. “విత్తనాన్ని వాడుడంటే ఏంది కాకా, నాటుడే. లేకుంటె వండుకొని తినుడు. మూడోది నాకైతే తెల్వదు.”

కొట్టుకు పోతే మర్నాటికి ఎవరో ఒకరి కుండలో ఉడుకుతుంటాయి. తిన్నవాళ్ళకు అవేమిటో కూడా తెలియదు. ఆ తలపుకే నాకు అన్నం సహించలేదు.

88వ రోజు

నాటాను.

గింజలన్నీ పళ్ళెంలో పోసి, డబ్బాకు మూత పెట్టి, మిద్దె ఎక్కాను. నూట పన్నెండు ఉన్నాయి. మూడు కుండీల్లో మట్టి గుల్ల చేసి, వేలితో గుంటలు తీసి, ఒక్కొక్కటీ వేశాను. నా స్నానం నీళ్ళు అటే పోశాను. ఎండ నెత్తి మీద పేలాలు వేయిస్తోంది. కిందికి వచ్చి చూస్తే డబ్బా చుక్క ఆకుపచ్చ. ఎన్నో రోజుల తర్వాత కడుపు నిండా తిన్నాను. అనసూర్య వచ్చేసరికి పందిరి నిండా కాయలు చూపిస్తానని గోడకు చెప్పుకున్నాను.

91వ రోజు

గంగమణి తిరిగి వచ్చింది. మనవరాలట. పటిక బెల్లం చేతిలో పెట్టి మిద్దె మీదికి వచ్చింది.

“గీ ఎండల ఏం నాటినవ్ అన్నా?”

“ఎల్లవ్వ బొబ్బర్లు.”

“రోహిణి కార్తె ముంగట వెట్టుకొనా? వదినె చెప్పిందా నాటుమని?”

“చుక్క ఎర్రవడుతుండె. వాడాలె గద.”

“కొన్నేనా?”

“అన్ని.”

ఆమె కుండీ గట్టు మీద కూర్చుండిపోయింది. అరిచి ఉంటే బాగుండేది. ఒక గుంట తవ్వి చూశాను. గింజ ఉబ్బి, తెల్లటి మొన బయటికి వచ్చింది. ఇక అది డబ్బాలోకి పోదు.

92వ రోజు

వేసవి మొక్కను ఎలా కాపాడాలో అనసూర్య ఎప్పుడైనా రాసిందేమోనని పుస్తకం వెనక్కి తిప్పాను. తొంభై రెండు రోజుల్లో ఇదే మొదటిసారి.

ప్రతి మూడు నెలలకూ ఒకే మాట ఉంది. “బొబ్బర్లు బట్ట మీద పోసి ఒక పూట ఎండబెట్టిన. జల్లెడ పట్టిన బూడిద కలిపి మళ్ళ డబ్బాల పోసిన. చుక్క ఆకుపచ్చ.” ఇరవై రెండేళ్ళు ఇదే. నేను ఆ పూటలన్నీ ఇంట్లోనే ఉన్నాను. తను ఎండలో ఏం చేస్తోందో ఒక్కసారీ తల ఎత్తి చూడలేదు.

నేను వదిలేసిన రెండు కాగితాలకు ముందు పేజీలో పైన “ఈయన కోసం” అని రాసి ఉంది. కింద వరుసగా: “చీరలు కప్పుకుంటె చాలు, కట్టుకోనక్కర్లేదు. చెప్పులు వారానికొక్కసారి చాలు. రోజు తొడుక్కొని పాడు చెయ్యకు. డబ్బాను ఎనభై అయిదు దాటనియ్యకు. బట్ట మీద పోసి ఎండకు పెట్టు. నాటకు. అది కాలం కాదు.”

చుక్క పచ్చబడడానికి డబ్బా ఒక్కసారి ఖాళీ అయితే చాలు, అంతే. నేను పళ్ళెంలో పోసినప్పుడే చుక్క ఆకుపచ్చ అయ్యుంటుంది. మూత పెడుతూ ఒక్కసారి చూసి ఉంటే, పళ్ళెం తీసుకెళ్ళి ఎండలో పెట్టి మళ్ళీ పోసేవాణ్ణి.

100వ రోజు

మొలిచినవి నలభై మూడు. ఎండకు వాడినవి పోగా ఇరవై ఆరు. తన నీలం చీర నాలుగు కర్రలకు కట్టి నీడ చేశాను. కనీసం దాని చుక్కకు దిగులు లేదు.

ఫోనులో, “డబ్బా చూసుకున్నవా?” అని అడిగింది.

“చూసుకున్న.”

“గింజలు మంచిగున్నయా?”

“మంచిగనే ఉన్నయ్.”

ఫోను పెట్టేశాక మెట్ల మీదే కూర్చున్నాను. ముప్పై ఏడేళ్ళ కాపురంలో తనకు చిన్న చిన్న అబద్ధాలు చాలా చెప్పాను. ఇలాంటిది చెప్పలేదు.

104వ రోజు

నీళ్ళు తేవడానికి కిందికి దిగిన కాసేపట్లో కోతులు వచ్చాయి. పీకినవి పీకి, కొరికినవి కొరికి పోయాయి. తొమ్మిది మిగిలాయి. ఇక నీళ్ళకు, ఫోనుకు తప్ప మిద్దె దిగను. గంగమణి పైకే అన్నం తెస్తోంది. మిగతా అరవై రెండు వస్తువులు ఏమైనా కానీ.

112వ రోజు

మృగశిర వచ్చింది, వాన రాలేదు. స్నానం మానేశాను. తాగగా మిగిలినవన్నీ మొక్కలకే. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మూడుసార్లు అరబిందె నీళ్ళతో మెట్లు ఎక్కుతున్నాను. మోకాలి మీద నిమ్మకాయంత వాపు లేచింది. ఇందుకేనా తను నా బదులు వెళ్ళింది అని ఒక్కోసారి నవ్వొస్తుంది, ఆ నవ్వు మంచిది కాదు.

మూడు మిగిలాయి.

120వ రోజు

వాన పడింది. పడినంతసేపూ రెండు చేతులూ చాచి నిలబడ్డాను. వాన వెలిశాక చూస్తే ఒక మొక్క వేరు కుళ్ళి ఒరిగిపోయింది, ఇంకొకటి గాలికి విరిగింది. ఒక్కటి నిలిచింది.

ఫోనులో మళ్ళీ, “మంచిగున్నయ్” అన్నాను. పక్కన వరుసలో నిలబడ్డ గంగమణి నా వైపు చూసింది.

“చెప్పరాదన్నా,” అంది తర్వాత.

“అక్కడ నడుము దాక బురదల ఉన్నది. ఇది విని ఏం చేస్తది?”

“ఏం చెయ్యది. ఏడుస్తది. వదినెను ఏడ్వనియ్యవా?”



133వ రోజు

పువ్వులు నాలుగు. ఊదారంగు. గంగమణి, నేను చెరో పక్క కూర్చుని చూశాం. ఆమె మనవరాలి పేరు ఏం పెడదామని అడిగింది. నాకేం తోచలేదు. నా కళ్ళు కోతులు వచ్చే గోడ మీదే ఉన్నాయి.

147వ రోజు

నాలుగు పువ్వుల్లో రెండు రాలాయి. రెండు కాయలు కట్టాయి. ఒకదాన్ని పురుగు తొలిచింది. మిగిలింది ఒక్క కాయ, జానెడు పొడవు. మొన్నటి ఫోనులోనూ అదే అబద్ధం చెప్పాను. మూడుసార్లు అయింది.

పోయిన సోమవారం నాంపెల్లి ఊలు సూదులు పట్టుకుపోయాడు. ఎర్రబడ్డాయి. ఆపలేదు.

160వ రోజు

అనసూర్య వచ్చింది. మనిషి నల్లబడింది, చేతులు గట్టిపడ్డాయి. బండి దిగి నన్ను కిందా మీదా చూసింది.

“గిట్ల చిక్కిపోయినవేంది?”

“నువ్వు లేవు గద.”

ఇంట్లోకి వచ్చి చెప్పులు చూసి, “ఇవి నావేనా?” అంది. దువ్వెన చూసి, “దీని పండ్లేవి?” అని నవ్వింది. సూదుల సంగతి చెబితే, “పోనీ, నాకు చూపు ఆనుతలేదు” అంది. నవ్వుతూనే వంటింటి గూటి వైపు చెయ్యి చాపింది.

“డబ్బా ఖాళీ,” అన్నాను.

చెయ్యి అక్కడే ఆగింది.

“అన్ని నాటిన. ఎండకాలంల. నీకు మూడుసార్లు అబద్ధం చెప్పిన. నువ్వు రాసింది చదవలే, నాటినంక చదివిన.”

“ఎన్ని మొలిచినయ్?”

“నలభై మూడు.”

“ఇప్పుడెన్నున్నయ్?”

“ఒకటి. కాయ ఒక్కటే.”

కాళ్ళు కూడా కడుక్కోకుండా మిద్దె ఎక్కింది. వెనకే కుంటుకుంటూ వెళ్ళాను. మొక్క దగ్గర కూర్చుంది. కాయను ముట్టుకోలేదు. తన నీలం చీర ఎండకు తెల్లబోయి కర్రల మీద వేలాడుతోంది. దాన్నీ చూసింది.

“మా అవ్వ మునిగే ఇంట్ల నుంచి మంచం తెచ్చుకోలే, గిన్నె తెచ్చుకోలే,” అంది. నాతో కాదు, మొక్కతో. “ఇవే తెచ్చింది.”

తర్వాత ఏడ్చింది. నేను పక్కన నిలబడ్డాను. వేరే ఏం చేయాలో నాకు తెలియలేదు.

163వ రోజు

మూడు రోజులుగా నాతో మాటల్లేవు. అన్నం పెడుతుంది, మంచినీళ్ళు పెడుతుంది, మాట పెట్టదు. పొద్దున అలవాటు కొద్దీ తన చెప్పులు తొడుక్కున్నాను. వచ్చి నా కాళ్ళ నుంచి లాక్కుంది.

రోజంతా పుస్తకం పట్టుకుని కూర్చుంది. నా పేజీలు సగం దాకా చదివి, రాత్రి పుస్తకం నా ముందు పెట్టింది. చదవనీ. నేను చెప్పలేనివన్నీ అందులోనే ఉన్నాయి.

165వ రోజు

కాయ ఎండి గలగలమంది. అనసూర్య పైనుంచి కేకేసింది. అయిదు రోజుల్లో నాకు దక్కిన మొదటి మాట.

“బూడిద తే. జల్లెడ పట్టి తే.”

తెచ్చాను. తెల్ల బట్ట పరిచి కాయ వలిచింది. గింజలు పదమూడు, అందులో రెండు తాలు. పదకొండు గింజలు ఎండలో పెట్టి, ఇద్దరం చెరో పక్క కూర్చున్నాం. సాయంత్రం నేను బూడిద తన వైపు జరిపాను.

“నువ్వే కలుపు,” అంది.

కలిపాను. ఒక గింజ కింద పడితే ఇద్దరం మోకాళ్ళ మీద వెతికాం. దొరికింది. పుస్తకం తన చేతికి ఇచ్చేస్తున్నాను.

166వ రోజు

ఇది అనసూర్య రాత.

గింజలు పదకొండు. ఆరు మా డబ్బాల, అయిదు గంగమణి డబ్బాల. రెండేండ్ల సంది అన్ని ఒక్క గూట్లనే పెట్టుకున్న, అది నా తప్పు. రెండు డబ్బాల చుక్కలు ఆకుపచ్చ.

ఈయన రాసింది మొత్తం చదివిన. మోకాలు సంగతి ఒక్క ఫోనుల సుత చెప్పలే. కోపం ఇంకా పోలే. పోతది.

వెలిసిపోయిన నీలం చీరను చింపి మోకాలికి కట్టు కట్టిన. మెట్లు ఎక్కొద్దని చెప్పిన.

మళ్ళ తొంభై రోజులకు గింజలు ఎండబెట్టేది ఈయనే. ఎట్లనో పుస్తకంల ఉన్నది. చదువుకుంటడు.